పెద్దకూర, సన్నసెగ: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో నిదానపు మాంసం వంట

పెద్దకూర అంటే ఎద్దు, దున్న, గేదె లాంటి పెద్ద పశువుల మాంసంతో వండే కూర. దీన్ని వండే ఇళ్ళన్నిటికీ ఉన్న చిక్కు ఒక్కటే: ముక్క ముదురు. ఏళ్ళ తరబడి నాగలికో బండికో కట్టిన పశువు కండ గంటలో ఉడికేది కాదు. పెద్దమంట పెడితే పులుసు ఇగిరిపోతుంది గానీ ముక్క మాత్రం చెప్పుతోలులాగే మిగులుతుంది. మూత బిగించి, సన్నసెగ మీద, పులుసు ఉడుకుతోందా లేదా అని చెవి ఒగ్గి వినాల్సినంత నెమ్మదిగా నాలుగైదు గంటలు ఉంచితే అదే ముక్క వేళ్ళ మధ్య విడిపోతుంది. ఇప్పుడు బజారులో స్లో కుక్కర్ పేరుతో దొరికే కరెంటు కుండ చేసే పని కూడా ఇంతే. ఉత్తరాంధ్ర పల్లెలకు ఆ యంత్రం కొత్త కావచ్చు, ఆ సెగ కొత్తది కాదు.

పేర్లు, తినే ఇళ్ళు

ఈ ప్రాంతంలో మాంసం మాటల్లోనే ఒక వరస కనిపిస్తుంది. మేక, గొర్రె మాంసం వేటమాంసం. రాతలో అలా ఉన్నా నోట వినిపించేది యాటమాంసమే. అమ్మవారికి మొక్కి కోసే పోతునో పొట్టేలునో వేట అంటారు గనుక ఆ పేరు వచ్చింది. దాని పక్కన పెద్దమాంసం, పెద్దకూర అన్నవి కాస్త గొంతు తగ్గించి పలికే మాటలు. ఇప్పటి కుర్రాళ్ళు బీఫ్ అని పొట్టిగా తేల్చేస్తారు. ఆ ఇంగ్లీషు మాటలో ఆవూ గేదే తేడా తెలియదు. ఇక్కడ చట్టానికైనా వంటకైనా ఆ తేడాయే ముఖ్యం.

తినేది అందరూ కాదు, తినే కులాల్లోనూ అన్ని ఇళ్ళూ కాదు. ప్రధానంగా దళితుల ఇళ్ళు, వాటిలో క్రైస్తవం తీసుకున్న కుటుంబాలు, పట్టణాల ముస్లిం ఇళ్ళు, మన్యంలో కొన్ని ఆదివాసీ సమూహాలు. శ్రీకాకుళం గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఫౌజుదారు ఉండే పట్టణం. షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన 17వ శతాబ్దపు జామియా మసీదు ఇప్పటికీ ఉంది. నిజాం ఏలుబడిలో చికాకోల్ సర్కారుకు పేరిచ్చింది కూడా ఈ ఊరే. 19వ శతాబ్దిలో కెనడా బాప్టిస్టు మిషనరీలు బొబ్బిలి, శ్రీకాకుళం లాంటి చోట్ల స్థిరపడ్డారు. అంతమాత్రాన పెద్దకూర మసీదుతోనో చర్చితోనో వచ్చిందనుకుంటే పొరపాటు. పశువు చర్మంతో, ఎముకతో, మాంసంతో బతికిన వాడల్లో అది అంతకు ఎంతో ముందునుంచే ఉంది. వంటల పుస్తకాలు రాసినవాళ్ళు ఆ వాడలకు వెళ్ళలేదు కాబట్టి ఈ వంట కాగితం మీదకి రాలేదు. ఉత్తరాంధ్ర రుచులు అనగానే పనసపొట్టు కూర, ఆవ పెట్టిన అరటికాయ, బెల్లం పులుసులతో జాబితా ముగిసిపోతుంది.

చట్టం విషయం ఒక్క ముక్కలో. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం ప్రకారం ఆవునూ ఆవుదూడనూ గేదెదూడనూ కోయకూడదు. ఎద్దు, దున్న, గేదె లాంటివి కోయాలంటే సేద్యానికీ పాడికీ ఈనికకూ ఇక పనికిరావని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. దీనివల్ల, వంటింటి భాషలో చెప్పుకుంటే, చట్టబద్ధంగా చేతికొచ్చే పెద్దమాంసం ఎప్పుడూ ముదురుదే. అమెరికా పుస్తకంలో లేత కోడెమాంసానికి రాసిన గంటల లెక్క పట్టుకుని ఇక్కడ పొయ్యెక్కిస్తే ముక్క ఉడకదు. ఆ లెక్కకు మరో గంటో రెండో కలుపుకోవాలి.

పశువుల సంతలు ఈ జిల్లాల బతుకులో పెద్ద భాగం. కోటబొమ్మాళి మండలం నారాయణవలస సంత, విజయనగరం వైపు అలమండ సంత, మానాపురం సంత పేర్లు రైతు కుటుంబాల్లో తెలియనివారుండరు. అవి ఎడ్ల జతల కోసం, పాడి గేదెల కోసం జరిగే సంతలు. ట్రాక్టరు వచ్చాక నాగలి ఎద్దు తగ్గింది, పాడి కోసం గేదె నిలిచింది. అందుకే ఈనాటి పెద్దకూర చాలావరకు గేదె, దున్న మాంసమే.

దాలి నేర్పిన పాఠం

సన్నసెగ అంటే ఏమిటో తెలుగు పల్లెకు తెలిసింది పాల వల్ల. నేలలో గుంట తీసి, అందులో పిడకలు పేర్చి, రాజుకున్నాక పైన ఊకో బూడిదో కప్పేస్తే అది దాలి. మంట కనపడదు, పొగ అంతగా రాదు. ఆ మీద పొద్దున పెట్టిన పాలకుండ సాయంత్రం దాకా పొంగకుండా కాగుతూనే ఉంటుంది. పాలు ఎర్రబడతాయి, మీగడ అట్టుకడుతుంది. పొంగు రానివ్వకుండా పొంగుకు దగ్గరగా నిలబెట్టడమే దాలి గొప్ప. కరెంటు కుండలో తీగచుట్ట చేసేదీ, గుంటలో బూడిద కప్పిన పిడక చేసేదీ ఒకటే.

పాలదాలి మీద మాత్రం నీసు పెట్టరు. మాంసానికి పొయ్యి వేరు, కుండ వేరు. అన్నం వార్చాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద, నివురు సర్ది, కూరదాక ఎక్కిస్తారు. దాక అంటే నోరు వెడల్పుగా ఉండే మట్టిపాత్ర. పైన మూకుడు బోర్లించి, మూకుడు మీద నాలుగు నిప్పుకణికలు వేసేవాళ్ళూ ఉన్నారు. అలా చేస్తే సెగ పైనుంచీ తగులుతుంది, ఆవిరి మూకుడుకు అంటి చుక్కలుగా తిరిగి కూరలోకే పడుతుంది. సముద్రతీరపు గ్రామాల్లో వంటచెరకు సరుగుడు. అది చిటపటలాడుతూ మండి, చివరికి మంచి బొగ్గు మిగులుస్తుంది. పెద్దకూరకు కావలసింది మంట కాదు, ఆ మిగిలిన బొగ్గు.

మట్టిపాత్ర వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, నెమ్మదిగానే వదులుతుంది. అడుగంటడం తక్కువ. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే బుడితి గిన్నె ఎంత అందమైనదైనా, కళాయి పూత లేని ఇత్తడిలో చింతపండు పులుసు గంటల తరబడి పెట్టకూడదు. పులుపు తగిలితే ఇత్తడి కిలమెక్కుతుంది, ఆ కిలం విషం.

ముక్క ఎందుకు మెత్తబడుతుంది

కండ అంటే సన్నని పీచుల కట్ట. ఆ పీచుల్ని కలిపి చుట్టి ఉంచేది కొల్లాజెన్ అనే తెల్లని ప్రోటీను. పశువు ఎంత పని చేస్తే, ఎంత వయసు మీరితే, ఆ కొల్లాజెన్ దారాలు ఒకదానికొకటి అంతగా ముడిపడతాయి. మెడ, జబ్బ, పిక్క, ఎదరొమ్ము ఎప్పుడూ కదిలే భాగాలు. అందుకే అక్కడి ముక్కలు గట్టి. వీపు పక్కనుండే కండ కదిలేది తక్కువ, అది త్వరగా ఉడుకుతుంది.

వేడి తగలగానే మొదట జరిగేది మెత్తబడడం కాదు, బిగుసుకోవడం. 60 డిగ్రీల సెల్సియస్ దాటాక కొల్లాజెన్ ముడుచుకుని కండలోని నీటిని పిండేస్తుంది. వంట మొదలైన గంటకు ముక్క తీసి నొక్కి చూసి, ఇది ఇక ఉడకదు అని నిరాశపడేది ఈ దశలోనే. 70 డిగ్రీలు దాటి అక్కడే ఎక్కువసేపు ఉంటే అదే కొల్లాజెన్ నీటిలో కరిగి జిలటిన్ అవుతుంది. పీచులు విడిపోతాయి, పులుసు చిక్కబడి పెదాలకు అంటుకుంటుంది. ఎంత వేడి అన్నదానికన్నా ఎంతసేపు అన్నదే ఇక్కడ ఎక్కువ లెక్క. కుతకుత ఉడికించినా కొల్లాజెన్ కరుగుతుంది గానీ ఈలోగా పీచులు ఎండి, పొడిపొడిగా, నోట్లో దూదిలా తయారవుతాయి. ముక్క మెత్తగా ఉండి కూడా రుచి లేదనిపిస్తే కారణం అది.

గేదెమాంసంలో కొవ్వు కండ మధ్యలోకి పెద్దగా పాకదు. రంగు ఆవుమాంసం కంటే ముదురు, కొవ్వు తెల్లన. కొవ్వు తక్కువ కాబట్టి త్వరగా ఎండుతుంది, కాబట్టి దీనికి సన్నసెగ ఇంకా అవసరం. వండేవాళ్ళు పిక్కముక్కతో పాటు మూలుగు ఎముక ఒకటి అడిగి వేయించుకునేది పులుసు చిక్కదనానికి, కమ్మదనానికి.

పచ్చి బొప్పాయి ముక్క వేయడం మన ఇళ్ళలో పాత పద్ధతి. బొప్పాయి పాలలోని పపైన్ అనే ఎంజైము ప్రోటీన్లను కొరుకుతుంది. అది ఎక్కువగా పనిచేసేది కూర వేడెక్కుతున్నప్పుడు, మరుగు వచ్చేసరికి చచ్చిపోతుంది. నాలుగు గంటల సన్నసెగ ఉన్నచోట బొప్పాయి అక్కర్లేదు, వేస్తే పైపొర పిండి పిండిగా అయిపోవచ్చు. తొందర వంటకే అది పనికొస్తుంది.

మన్యంలో

2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ పార్వతీపురం మన్యం జిల్లాలోకి పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండప్రాంతం చాలా వెళ్ళింది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సవరలు, జాతాపులు ఉంటారు. ఒడిశా సరిహద్దు అవతలి సవర గ్రామాల్లో తిరిగి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో వెలువరించిన గ్రంథంలో, చనిపోయినవారి కోసం చేసే గువార్ క్రతువూ, అందులో రాయి పాతడం, దున్నను బలి ఇవ్వడం వివరంగా ఉన్నాయి. ఆ మాంసం బంధువర్గాల మధ్య వాటాలుగా పోయేది. ఎవరికి ఏ వాటా అన్నది చుట్టరికం తేల్చేది. ఇక్కడ పెద్దమాంసం రోజువారీ కూర కాదు, చనిపోయినవారికీ బతికున్నవారికీ మధ్య లెక్క తీర్చే వస్తువు. తర్వాతి తరాల్లో ఎంతోమంది సవరలు బాప్టిస్టు క్రైస్తవులయ్యాక ఈ బలులు బాగా తగ్గాయి.

కరెంటు కుండ దాకా

నిదానపు వంటకు యంత్రం కట్టాలన్న ఆలోచన మన దేశంలో ముందే వచ్చింది. కలకత్తా డాక్టరు ఇందుమాధవ్ మల్లిక్ 1910లో ఇక్‌మిక్ కుక్కర్ తయారుచేశారు. టిఫిన్ క్యారియరు లాంటి గిన్నెల వరస, అడుగున బొగ్గు, చుట్టూ మూసిన డబ్బా. పొద్దున సర్దిపెట్టి ఆఫీసుకెళ్ళిన బ్రహ్మచారికి సాయంత్రం వచ్చేసరికి అన్నం, పప్పు, మాంసం సిద్ధం.

కరెంటుతో నడిచేదాన్ని కనిపెట్టింది అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్. 1940లో పేటెంటు దొరికింది. లిథువేనియాలో యూదులు విశ్రాంతి దినానికి ముందురోజు సాయంత్రమే చోలెంట్ అనే మాంసం, గింజల కూరకుండను ఊరి రొట్టెలబట్టీలో పెట్టి, ఆరిపోతున్న బట్టీ వేడిలో రాత్రంతా ఉంచేవారని తల్లి చెప్పిన జ్ఞాపకమే ఆయనకు ప్రేరణ. రైవల్ కంపెనీ నాక్సన్ సంస్థను కొని, 1971లో క్రాక్ పాట్ పేరుతో బజారులో పెట్టింది. ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్తున్న రోజులవి, లక్షల్లో అమ్ముడుపోయింది.

మన వంటిల్లు మరో దారి పట్టింది. 1959 ప్రాంతంలో హాకిన్స్, ప్రెస్టీజ్ ప్రెషర్ కుక్కర్లు వచ్చాయి. లోపలి ఆవిరి ఒత్తిడితో నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, పిక్కముక్క ముప్పావుగంటలో లొంగుతుంది. గ్యాసు ఖర్చు చూసుకునే ఇంటికి ఇంతకంటే ఏం కావాలి? రుచి మాట వేరు. కుక్కరు పులుసు పలచగా, ముక్క పైన మెత్తగా, లోపల ఇంకా పట్టుగా మిగలడం తెలిసిందే. రెండిటినీ కలిపే దారి ఒకటుంది: రెండు కూతలు రానిచ్చి దించి, ఒత్తిడి తగ్గాక మూత తీసి, దళసరి అడుగున్న గిన్నెలోకి మార్చి గంటన్నర సన్నసెగ. ఉత్తరాంధ్ర ఇళ్ళకు నా ఓటు దీనికే. స్లో కుక్కర్ కొనడం డబ్బు దండగ అనను గానీ, అది అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలకు పనికొచ్చినంతగా పార్వతీపురంలో పనికిరాదు.

ఒక కుటుంబం రాత్రి భోజనానికి

నలుగురైదుగురికి ఒక కిలో పిక్క లేదా జబ్బముక్క, చిన్న నిమ్మకాయంత ముక్కలుగా. మరీ చిన్నగా కొట్టిస్తే చివరికి పీచే మిగులుతుంది. కడిగి, నీరు బాగా ఓడ్చి, పసుపు, ఉప్పు, రెండు చెంచాల అల్లంవెల్లుల్లి ముద్ద, చెంచాన్నర కారం పట్టించి అరగంట ఉంచాలి.

తర్వాతి పని దాటవేయకూడనిది. మూకుడులో నూనె కాగాక ముక్కల్ని కొద్దికొద్దిగా వేసి, అన్ని వైపులా ఎర్రగా వేగనివ్వాలి. కరెంటు కుండలో వేడి మరుగు స్థాయిని దాటదు. మాంసం ఎర్రబడి వచ్చే ఆ వాసనకు 140 డిగ్రీలకు పైన వేడి కావాలి. ఆ పని కుండ చేయలేదు, మూకుడే చేయాలి. అదే నూనెలో మూడు పెద్ద ఉల్లిపాయలు వేగనిచ్చి, ధనియాలు, జీలకర్ర, నాలుగు లవంగాలు, రెండంగుళాల దాల్చినచెక్క, గసగసాలు వేయించి నూరిన ముద్ద కలిపి, నూనె తేలేదాకా వేయించాలి. పచ్చిమసాలా సన్నసెగలో ఎన్ని గంటలున్నా పచ్చివాసన పోదు.

అన్నీ కుండలోకి మార్చి అరగ్లాసు వేడినీళ్ళు. ఇక్కడే చాలామంది తప్పుచేస్తారు. పొయ్యి మీద కూరకు పోసినన్ని నీళ్ళు పోస్తే చారు తయారవుతుంది, ఎందుకంటే మూతకింద ఆవిరి ఎక్కడికీ పోదు. తక్కువ సెగ మీద 8 నుంచి 9 గంటలు, ఎక్కువ సెగ మీద 5 గంటలు. మధ్యలో మూత తీసి చూస్తే పోయిన వేడి తిరిగి రావడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. దాకలో అయితే నిప్పుల మీద నాలుగు గంటలు, గంటకోసారి నివురు సర్దుతూ. పూరిళ్ళున్న చోట నిప్పు వదిలి పనికి వెళ్ళడం కుదరదు, ఇంట్లో ఉండే ముసలమ్మ కన్ను ఆ పొయ్యి మీద ఉండాలి.

పులుపు చివరనే. గోంగూరైనా చింతచిగురైనా పచ్చిమామిడి అయినా విడిగా మగ్గించి ముక్క ఉడికాక కలుపుతారు. ముందే వేస్తే, కూరలో దుంపలో పప్పులో ఉంటే అవి త్వరగా ఉడకవు, ఆకు పసరు రంగు పోయి నల్లబడుతుంది. దోసకాయ, ములక్కాడ కూడా ఆఖరి అరగంటలో వేయాల్సినవే. ఉద్దానంలోనో పలాసలోనో ఉన్న ఇల్లయితే ఈ కూరకు మరో సౌకర్యం ఉంది. నూరిన పలాస జీడిపప్పు, పచ్చికొబ్బరి ముద్ద రెండు చెంచాలు దించే పది నిమిషాల ముందు. తొలుతే వేస్తే అడుగంటుతుంది.

అరకు, చింతపల్లి వైపు పండే రాజ్మా గింజల్ని ఈ మాంసంలో కలపాలనుకునేవారికి ఒక హెచ్చరిక. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. అది చావాలంటే గింజను నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళలో పదినిమిషాలు బాగా మరిగించాలి. నేరుగా స్లో కుక్కర్‌లో వేస్తే ఆ వేడి చాలక వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

జాగ్రత్తలు

గడ్డకట్టిన మాంసాన్ని అలాగే కుండలో వేయకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మంచుముక్క ఆ మధ్యమార్గంలో గంటల తరబడి నిలుస్తుంది.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. 200 వాట్ల కుండ 8 గంటలు నడిస్తే యూనిట్నర పైచిలుకు, బిల్లు భారమేమీ కాదు. కానీ సరఫరా ఆగితే? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తుపాను దాకా ఎందుకు, వానాకాలపు మామూలు కోత చాలు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ కూర పారబోయడమే మంచిది. ఇంట్లో ఉంటే వెంటనే గ్యాసు పొయ్యి మీదకి మార్చేయవచ్చు.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బున్న ఇళ్ళు ఎన్నో. మాంసం ఎంత తినాలో, ఎముకల పులుసు తాగవచ్చో లేదో అక్కడ డాక్టరు చెప్పిందే కొలత.

మిగిలిన కూరను కుండతో పాటే రాత్రంతా వదిలేయడం మన అలవాటు. మట్టికుండ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది, చెడేది కూడా అందుకే. వెడల్పు పళ్ళెంలో పరిచి, రెండు గంటల్లో చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున మూత తీస్తే పులుసు కొబ్బరి జున్నులా గడ్డకట్టి ఉంటుంది. చెంచాతో కొడితే వణుకుతుంది. దాన్ని చిన్న గిన్నెలో బాగా కాచి, తరవాణి పోసిన చద్దన్నం పక్కన పెట్టుకుంటారు. నిన్న రాత్రి కూర కంటే ఇదే బాగుందనేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.